కుదురులేని కడుపు

రేడియోలో వార్తలు చదివే ఆవిడకు కుదురు తక్కువ. కూర్చుంటే కడుపు ఉబ్బరం, లేస్తే కంగారు. బిగుసుకున్న కుచ్చిళ్లు వదులు చేసుకుంటూ వరండాలో పచార్లు చేస్తూనే ఉంటుంది. ఒకరోజు వార్తలు చదువుతుంటే కడుపులో గుడగుడలు మైకులోకీ వెళ్లాయి. మళ్లీ ఇలాగైతే వేరేవాళ్లను చూసుకుంటామని ఆఫీసరు అన్నాడు.

మర్నాడు డ్యూటీకి బయలుదేరుతూ గుమ్మంలోనే పొట్ట పట్టుకుని వంగిపోయింది. వంటలు వేరుపడ్డాక ముభావంగా ఉంటున్న తోడికోడలు చూసి, చాప పరిచింది.

"పడుకో అక్కా."

"టైమైపోతోందే."

"ఊపిరి బిగబట్టకు. వదిలెయ్."

గోరువెచ్చని నూనె రాసుకున్న అరచెయ్యి బొడ్డు చుట్టూ మెల్లగా తిరిగింది. ఆవిడ లేవబోయింది, మళ్లీ లేవబోయింది. ఇంతలో పెద్ద తేన్పు వచ్చి ఇద్దరూ నవ్వేశారు. కాసేపటికి ఆవిడ గురక పెట్టింది.

తోడికోడలు రెండో చేత్తో ఫోను అందుకుని, "అక్కకు ఒంట్లో బాలేదండి, ఈ పూట ఇంకెవరిచేతైనా చదివించండి" అని ఆఫీసుకు చెప్పింది. పొట్ట మీది చెయ్యి మాత్రం తియ్యలేదు.