కూర్మయ్య మాస్టారి రోము లెక్క

తుఫాను బియ్యం పంచినప్పుడు కూర్మయ్య మాస్టారు చచ్చినవాళ్ళ పేర్లు రాసి బియ్యం నొక్కేశారని మా వీధిలో ఒక పుకారు. పేర్లు రాసిన మాట నిజం. నొక్కేసిన మాట శుద్ధ అబద్ధం. ఐదో తరగతితో చదువు ఆపేశాను గానీ ఆరాలు తియ్యడం నేనింకా ఆపలేదు, కాబట్టి నా మాట నమ్మొచ్చు.

మాస్టారికి ఒక్కటే జబ్బు. ఎవరు ఏ అంకె చెప్పినా నమ్మరు. ఎచ్చెర్లలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక, రోము రాజ్యం చివరి రోజుల్లో సైన్యం ఎంతుండేదో తేల్చే పనిలో పడ్డారు.

"ఏటి మాస్టారూ, ఇంకా తేల్లేదా?" అని రోజూ మా రెండిళ్ళ మధ్య గోడ మీంచి అడుగుతాను. వీధిలో అందరికీ నేను అప్పనే, అంటే అక్కని.

"ఒకడు నాలుగు లక్షల ముప్పయ్యయిదు వేల రెండొందల అరవయ్యారు అని రాసేడు సుభద్రప్పా. ఇంకొకడు ఆరు లక్షల నలభయ్యయిదు వేలన్నాడు. ఎవుడు నిలబడి లెక్కెట్టేడు?"

"రాసినోడికి అబద్ధమెందుకు?"

"దళానికి వెయ్యిమందని రాస్తారు. రొట్టెల లెక్క తీస్తే సగమే తేల్తారు. సిపాయి సచ్చినా సైన్యం దొరలు జాబితాలోంచి ఆడి పేరు కొట్టరప్పా. ఆడి రొట్టె ఈళ్ళు తింటారు."

ఈ రొట్టెల లెక్క రోములోనే ఆగితే బాగుండేది. కూతురి పెళ్ళికి వెయ్యిమంది వచ్చారని మా వీధి గంగరాజు మీసం తిప్పాడు.

"విస్తర్లెన్ని కొన్నావు?" అన్నారు మాస్టారు.

"ఆరొందలు."

"ఇరవై సిరిగిపోయుంటాయి. అయిదొందల ఎనభై మంది."

"మరి తాంబూలం పుచ్చుకుని ఎల్లిపోయినోళ్ళో?"

"ఆళ్ళు సైన్యం కాదు."

గంగరాజు రెండు నెలలు పలకలేదు.

అందుకే తుఫానుకి వీధంతా తడిసి, ఎవరో దాతలు మనిషికి రెండు కిలోల చొప్పున బియ్యం పంపితే, జాబితా మాస్టారి చేతిలోనే పెట్టాం. గంగరాజు విశాఖలో ఉన్న అల్లుడి పేరు రాయించబోతే, "రాత్రి నీ ఇంట అన్నం తిన్నాడేటి?" అని కొట్టేశారు.

వారం తిరక్కుండా గంగరాజు ఆ జాబితా నా దగ్గరికి పట్టుకొచ్చాడు. "సూడప్పా! ఒంటరి మరిడమ్మింట నలుగురంట! మొగుడు, అత్త, మావ! ముగ్గురూ పోయి పదేళ్ళు. ఆ ఆరు కిలోలూ మాస్టారి కడుపులోకే!"

ఊరుకుంటానా? మరిడమ్మ గడప తొక్కాను. కప్పు ఎగిరిపోయింది, గాదెలో గింజలు నాని మొలకెత్తాయి. అయినా ఎవరి ముందూ చెయ్యి చాపే మనిషి కాదు. డబ్బాలో బియ్యం ఉన్నాయి.

"ఎన్నిచ్చేరే?"

"ఎనిమిది కిలోలప్పా. అందరికీ అంతేనని మాస్టారు సెప్పేరు."

బతికున్నన్నాళ్ళూ కోడలికి కడుపునిండా పెట్టని ఆ అత్త, పోయాక రెండు కిలోలిచ్చిందన్నమాట!

జాబితా మొత్తం కూడి చూశాను. నూట నలభై రెండు. మా వీధిలో బతికున్న తలలూ సరిగ్గా నూట నలభై రెండే. ముగ్గురు చచ్చినవాళ్ళు చేరితే ముగ్గురు బతికినవాళ్ళు తగ్గాలి కదా! మూడుసార్లు చదివాను. మాస్టారు, ఆయన భార్య జగదాంబ, కూతురు అరుణశ్రీ. ముగ్గురి పేర్లూ లేవు.

గోడ దగ్గరికి వెళ్ళాను. "మాస్టారూ, అల్లుడి పేరు కొట్టేసి సచ్చినోళ్ళ పేర్లు రాసేరేటి?"

కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సచ్చినోళ్ళ రొట్టె ఎప్పుడూ దొరలే తిన్నారప్పా. ఒక్కసారి ఇంటోళ్ళు తింటే రోము మునిగిపోతాదేటి?"