చేప తిరిగేంత చోటు

మొన్న కళ్ళద్దాలు మార్పించుకుందామని కరీంనగర్ బజారుకు పోతే, పక్కనే రంగు చేపలమ్మే దుకాణంలో వేలెడంత వెండి చేపలు గుంపుగా ఈదుతూ కనిపించాయి. కొత్తగా పెళ్ళయినట్టున్న ఒక జంట, అన్నం గిన్నెంత గాజు తొట్టి చేతిలో పట్టుకుని, ఇవి ఎంత పెద్దవవుతాయని అడుగుతున్నారు. దుకాణదారు తల కూడా ఎత్తకుండా, "తొట్టి ఎంతుంటే గంతే పెరుగుతయి, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. ఇరవై ఏళ్ళ కిందట ఇంకో దుకాణంలో ఇదే మాట విని నమ్మినవాణ్ణి నేను.

అప్పట్లో మేము బొగ్గుబాయి క్వార్టర్లో ఉండేవాళ్ళం. నా భార్య తమ్ముడు మెట్‌పల్లి నుంచి గల్ఫ్‌కు పోతూ పోతూ, అక్కకు తోచుబాటుగా ఉంటుందని అలాంటి చేపనొకదాన్ని, రెండడుగుల తొట్టితో సహా తెచ్చి ముందుగదిలో పెట్టాడు. తాను తిరిగొచ్చేదాకా దీన్ని సంబాళించమని వాడు నవ్వుతూ అన్న మాటను నా భార్య నవ్వులాటగా తీసుకోలేదు. చేప చురుగ్గా ఉంటే తమ్ముడు అక్కడ బాగున్నట్టు, చేప మేత ముట్టకపోతే వాడికి ఏదో అయినట్టు. ఇదేం పిచ్చి అని ఆటపట్టించేవాణ్ణి గానీ, నిజం చెప్పాలంటే కొన్నాళ్ళకు నేను కూడా డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విడవకముందే ఆ తొట్టి వైపే చూసేవాణ్ణి.

ఏడాదికి అది జానెడు దాటింది. చేప మేత కొనే దుకాణంలో విన్న, తొట్టిని బట్టి ఆగిపోతుందన్న మాట మీద భరోసాతో నేను ఊరుకున్నాను, ఎందుకంటే రెండు గదుల్లో ఆరుగురం సర్దుకుని బతకలేదా, చేపకేం రోగం అనుకునే కాలం అది, నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. చివరికి నా భార్య పోరు పడలేక నాలుగడుగుల తొట్టి తెచ్చాను. తెచ్చానన్న మాటే గానీ, గోడవార బల్ల మీద పట్టాలని పొడవు మాత్రమే చూసి, వెడల్పు అడుగు కూడా లేనిదాన్ని ఎంచుకున్నాను. మరో ఏడాదికి ఆ చేప ఈ చివర నుంచి ఆ చివరకు పోవడమే గానీ, వెనక్కి మళ్ళాలంటే ఒళ్ళు విల్లులా వంచి, ముక్కు ఒక అద్దానికీ తోక ఇంకో అద్దానికీ రాసుకోవలసి వచ్చేది.

"అది తిరుగుతలేదు, మీకు కనవడ్తలేదా?" అన్నది నా భార్య ఒకరోజు.

నాకు సిగ్గేసింది. భూమి లోపల బొగ్గు టబ్బులు నడిచే పట్టాలు వేయడం నా పని. టబ్బు మలుపు తిరిగే చోట ఎంత వెడల్పు ఉండాలో కొలవకుండా ఒక్క పట్టా కూడా వేయని మనిషిని, ఇంట్లో ప్రాణమున్నదాని మలుపు కొలవలేదు. వచ్చే నెల చూద్దాం, పండగ పోనీ అంటూ దాన్ని కూడా వాయిదా వేశాను.

ఆలోగా మా క్వార్టర్లకు దగ్గరలో, నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గని మొదలైంది. రోజూ మధ్యాహ్నం సైరన్ మోగేది, తర్వాత బ్లాస్టింగ్, గిన్నెలన్నీ గలగలమనేవి. ఉలికిపాటు జాతి చేప అది, ప్రతి పేలుడుకూ బాణంలా దూసుకెళ్ళి అద్దానికి కొట్టుకునేది. దాని ముక్కు చిట్లి ఎర్రబడింది. సైరన్ వినగానే నా భార్య చేతిలో పని వదిలేసి, తొట్టి మీద దుప్పటి కప్పి, రెండు చేతులతో అద్దాన్ని అదిమి పట్టుకుని నిలబడేది. సరిగ్గా ఆ రోజుల్లోనే, శుక్రవారం శుక్రవారం వచ్చే బావమరిది ఫోన్ ఆగిపోయింది. ఒక వారం, రెండు వారాలు, మూడో శుక్రవారం కూడా రాలేదు. ఆమె తిండి తగ్గింది. చేప తిండీ తగ్గింది. నాకు లోపల భయం పట్టుకుంది, ఈ చేపకు గనక ఏమైనా అయితే ఈ మనిషిని నేను ఆపలేనని.

నాలుగో వారంలో, నాకు సెలవున్న రోజు, పేలుడు మామూలు కన్నా గట్టిగా అదిరింది. దుప్పటి కింద ధన్‌మని చప్పుడు, అద్దం అతుకు విడిపోయి నీళ్ళన్నీ ఒక్కసారిగా గదిలోకి. మూరెడు చేప గచ్చు మీద ఎగిరెగిరి పడుతోంది. నా భార్య అరవలేదు, ఏడవలేదు, తమ్ముడి పేరు మాత్రం పిలిచింది. నేను తడి దుప్పట్లో దాన్ని చుట్టి పెరట్లోకి ఉరికి, వాడుక నీళ్ళ కోసం కట్టుకున్న సిమెంటు హౌజులో వదిలాను. అది పక్కకు ఒరిగిపోయింది. ఆమె చీరతోనే హౌజులోకి దిగి, నడుము లోతు నీళ్ళలో దాన్ని నిటారుగా పట్టుకుని ఎంతసేపు నిలబడిందో, మొప్పలు కదులుతున్నాయా లేదా అని నేను చూస్తూనే ఉన్నాను. చివరికి తోక ఒక్కసారి ఆడింది. చేతుల్లోంచి జారి హౌజు చుట్టూ ఒక రౌండు, దేనికీ తగలకుండా తిరిగింది. అప్పుడు ఏడ్చింది ఆమె.

చేపకు పెద్ద క్వార్టర్ అలాటయిందని ఇరుగుపొరుగు నవ్వారు. హౌజు దానికి వదిలేసి, మేము వాడుక నీళ్ళు డ్రమ్ముల్లో పట్టుకున్నాం. ఇంకో పది రోజులకు బావమరిది ఫోన్ చేశాడు, కంపెనీ మూతపడి వేరే చోటికి తరలించారట. ఆ తర్వాత ఏడాది సెలవుకు వచ్చినవాడు నేరుగా పెరట్లోకి పోయి, హౌజు గట్టు మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూశాడు.

"బావా, గిది గూడ సాలదు. ఆడ మేం ఒక్క రూముల పన్నెండు మందిమి. ఒకడు పక్కకు ఒత్తిగిలాల్నంటే అందరం ఒత్తిగిలాలె" అన్నాడు.

మర్నాడే వాడు ఆ చేపను డ్రమ్ములో పెట్టుకుని, సుల్తానాబాద్ దగ్గర తెలిసినవాళ్ళ చేపల చెరువులో, వల వేసినా దీన్ని మాత్రం వదిలేయాలని మాట తీసుకుని విడిచి వచ్చాడు.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, ఓపెన్‌కాస్టు పెరిగి పెరిగి మా పెరటినీ హౌజునూ మింగేసింది. గల్ఫ్ ఫోన్లలో మనుషుల ముఖాలు కూడా కనిపిస్తున్నాయి. మొన్నటి ఆ జంటకు మాత్రం నేను చెప్పాను, ఇది మూరెడు దాటుతుంది, పొడవు చూసి మోసపోకండి, ఎదిగాక ముక్కూ తోకా తగలకుండా తిరిగేంత వెడల్పు ఉంటేనే కొనండని. వాళ్ళు గిన్నె తొట్టి వెనక్కి ఇచ్చేశారు. ఆనాడు బావమరిది మొదటిసారి విమానం ఎక్కేటప్పుడు ఎన్నేళ్ళ వీసా అని అడిగాను, ఏం పని అని అడిగాను. పడుకోవడానికి ఎంత చోటిస్తారని మాత్రం అడగలేదు.