సింగపూర్ రైల్లో నేను వదిలేసిన చెయ్యి

మా చిన్నప్పుడు... సింగపూర్‌లో మెట్రో రైలు ఎక్కేముందు మా నాయనమ్మ ప్లాట్‌ఫారం మీద చెప్పులు విడిచింది. తలుపు పక్కగా, ఎవరి కాళ్ళకీ తగలకుండా, జత సర్ది పెట్టి మరీ ఎక్కింది.

నవ్వకండి. రేపల్లెలో ఆవిడకి అదే అలవాటు... ఆదివారం చర్చికెళ్తే చెప్పులు మెట్ల దగ్గర. డాక్టరు గారి గదికెళ్తే బయట. ఏసీ ఉన్న బట్టల కొట్టుకెళ్ళినా బయటే. అప్పటిదాకా ఆవిడ ఎరిగిన రైలంటే తెనాలి వెళ్ళే పాసింజరు. వేరుశనగ తొక్కల మధ్య కూర్చునే ఆ బండిలో చెప్పులు విప్పాల్సిన పనే లేదు. ఇదేమో లోపల చల్లగా, నేల తళతళా మెరుస్తోంది. అలాంటి చోట చెప్పులతో అడుగెయ్యడం ఆవిడ వల్ల కాలేదు.

మా మేనత్త అక్కడ ఆస్పత్రిలో నర్సు. నా నాలుగో తరగతి అయిపోయిన వేసవి సెలవుల్లో నన్నూ నాయనమ్మనీ రప్పించుకుంది. బాపట్లలో మా వీధి మొత్తానికి విమానం ఎక్కిన మొదటి పిల్లని నేనే... ఆ గీర అంతా ఇంతా కాదు. కొత్త గౌను, తెల్ల సాక్సులు, నడక కూడా మార్చేశాను. నాయనమ్మ మాత్రం రేపల్లెలో ఎలా ఉంటుందో అక్కడా అలాగే ఉంది. ముతక నేత చీర, చేతిలో నీళ్ళ మరచెంబు. చైనా వాళ్ళనీ లేదు, మలయా వాళ్ళనీ లేదు, కనపడ్డవాళ్ళనల్లా "ఏం బాబూ, భోంచేశావా" అని పలకరించేది. నాకు తల కొట్టేసినట్టుండేది.

అబ్బ, ఏం జనమో ఆ ఊళ్ళో... ఎంత రాత్రయినా దీపాలు, ఎటు చూసినా ఉరుకులు పరుగులు. అందుకే అత్త ఇల్లు కదిలేముందు రోజూ నాతో ఒకటే మాట చెప్పేది.

"నాయనమ్మ చెయ్యి వదలొద్దమ్మా. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నా ఫోన్ నంబరు గుర్తుండదు. నీ పనల్లా అదొక్కటే."

ఆ రోజు అత్త ముందెక్కి సీట్లు చూడ్డానికి లోపలికెళ్ళింది. నేనూ నాయనమ్మా తలుపు దగ్గరే ఉన్నాం. అప్పుడు చూసింది ఆవిడ... అందరి కాళ్ళకీ చెప్పులున్నాయి. "అమ్మడూ, ఎవరూ విప్పలేదేంటే... నావి బయటే ఉండిపోయాయి, రా" అంటూ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఎదురుగా నా ఈడు ఆడపిల్లలిద్దరు ఆవిడ ఉత్త కాళ్ళ వంక చూసి, నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

నేను చెయ్యి వదిలేశాను.

జారిపోలేదండీ... వదిలేశాను. ఈవిడెవరో నాకు తెలీదన్నట్టు అటు తిరిగి నిలబడ్డాను కూడా. ఇంతలో తలుపులు మూసుకున్నాయి. అద్దం అవతల నాయనమ్మ వంగి చెప్పులు తీసుకుంటోంది. రైలు కదిలేసరికి ఆవిడింకా నడుమెత్తనే లేదు.

తర్వాతి స్టేషన్లో దిగి, ఇంకో బండెక్కి వెనక్కొచ్చాం. ప్లాట్‌ఫారం మీద ఆవిడ లేదు. అత్త ఆ చివర నుంచి ఈ చివరకి పరుగెత్తింది. వెనకాల నేను... తేలు కుట్టిన దొంగలా. దేవుడికి ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాను గానీ ఏమని చెప్పుకోవాలో తోచలేదు. చేసిన పని ఆయన చూశాడు కదా.

ముప్పావుగంటకి దొరికింది. పైన స్టేషన్ ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఉంది. తెనాలి జంక్షన్లో ఎప్పుడైనా విడిపోతే తిన్నగా స్టేషన్ మాస్టరు గారి దగ్గరకెళ్ళి కూర్చోమని మా తాతయ్య చెబుతుండేవాడట. ఆ మాటే నమ్ముకుని, యూనిఫాం వేసుకున్న ప్రతివాళ్ళనీ "మాస్టరు గారెక్కడ బాబూ" అని అడుగుతూ పైకొచ్చేసింది. అక్కడ పనిచేసే తమిళావిడొకరు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టారు. ఇల్లెక్కడని ఎన్నిసార్లడిగినా రేపల్లె అనే చెప్పిందట పిచ్చి తల్లి.

అత్త ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చింది. ఆ వెంటనే నా మీదకి తిరిగింది. "నీకేం చెప్పాను? చెయ్యెందుకు వదిలావు?"

నేను నోరు తెరిచేలోపే నాయనమ్మ అందుకుంది. "దాన్నేం అనకే. పిల్ల గట్టిగానే పట్టుకుంది. నేనే విదిలించుకుని దిగాను."

ఆవిడ అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. నా వంక చూడకుండా చెప్పింది.

ఆ తర్వాత అక్కడున్న పది రోజులూ నాయనమ్మ నా చెయ్యి పట్టుకోలేదు. అత్త కొంగు పట్టుకుని నడిచింది. నేనే దగ్గరకెళ్ళి చెయ్యి చాస్తే, "నువ్వు ముందు నడువమ్మా... నేను వెనకాలొస్తాలే" అనేది. కోపంతో కాదు. నా పక్కన నడిస్తే నాకు నామోషీగా ఉంటుందని. అది నాకు అర్థమవుతూనే ఉంది, కానీ కాదని చెప్పడానికి నోరు రాలేదు.

పెద్దయ్యాక రేపల్లె వెళ్ళిన ప్రతిసారీ చెప్పేద్దామనుకునేదాన్ని. సింగపూర్ మాటెత్తగానే, "ఇంకా తిన్లేదేంటే, అన్నం పెడతా రా" అని లేచిపోయేది. అలా దాటేస్తూ దాటేస్తూనే ఆరేళ్ళ కిందట పోయింది.

ఇప్పుడు మావైపు పెద్దవాళ్ళు కూడా ఫోన్లో దారి చూసుకుంటూ ఏ దేశమైనా తిరిగొచ్చేస్తున్నారు... ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోనక్కర్లేదు, తప్పిపోతారన్న భయమూ లేదు. మంచిదే. కానీ తొమ్మిదేళ్ళప్పుడు చేసిన ఆ పని మాత్రం నన్నింకా తినేస్తోంది.

మీకూ ఇలాంటిదేదైనా ఉంటే కామెంట్లలో నాకు చెప్పకండి... ఆ మనిషి ఇంకా ఉంటే వాళ్ళకే చెప్పండి. నాకు ఆ వీలు లేకే మీ ముందు చెప్పుకుంటున్నాను.