గ్రిల్లుకు నాగూర్ బాషా పెట్టించిన చిల్లు

తెనాలి చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో దమ్ము వంట అంటే నాగూర్ బాషా రావాల్సిందే. డేక్సా మూతకి పిండి చుట్టి, మూత మీద నిప్పులు పోసి, కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కాసేపటికి ముక్కు ఎగబీల్చి, "ఇక తియ్యండి" అంటాడు. తీస్తే మెతుకు మెతుక్కీ అంటుకోదు. "వీడి ముక్కు బంగారం కానూ!" అని ముసలమ్మలు మెటికలు విరిచేవాళ్ళు. అయ్యో, ఆ ముక్కే కదా పోయింది! కరోనా వచ్చింది, జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని చూస్తూ చూస్తూ ఏళ్ళు గడిచాయి. ఉప్పు, కారం, పులుపు నాలుకకి తెలుస్తాయి. మిగతాదంతా తడిసిన అట్టముక్క నమిలినట్టే.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. భార్య జైనబ్ బీకి కూడా చెప్పలేదు. చూడండి మగాడి తెలివి! ముప్ఫై ఏళ్ళుగా పక్కన కూర్చుని ఉల్లిపాయలు కోసి, మసాలా నూరిపెట్టే మనిషితో చెప్పడానికి నోరు రాలేదు. వాసన తెలియని వంటవాణ్ణి ఎవడు పిలుస్తాడు? అదీ అతని భయం. అలవాటైన డేక్సా కాబట్టి చెవితో నెట్టుకొచ్చాడు. మూత దగ్గర చెవి పెడితే లోపల నీళ్ళు ఇగిరే చప్పుడు తెలుస్తుంది. ముక్కు ఎగబీల్చడం మాత్రం మానలేదు, అదంతా ఉత్త నాటకం.

కిందటేడు రేపల్లెలో, జైనబ్ తమ్ముడు రెహమాన్ ఇంటి పెళ్ళిలో ఆ నాటకం కాస్తలో బయటపడేది. అడుగంటిన కంపు వీధి చివరిదాకా కొడుతుంటే ఇతను కుర్చీలో కూర్చుని తల ఊపుతున్నాడు. బావమరిది పరిగెత్తుకొచ్చి మూత లేపాడు. కట్టెలు పచ్చివి, మంట తెలియలేదు అని నాగూర్ బాషా బొంకి గట్టెక్కాడు. అప్పట్నుంచి ఏ ఇంటికి వంటకి వెళ్ళినా దొంగకు తేలు కుట్టినట్టే ఉంటోంది.

అలాంటి మనిషి ఇంటికి నందివెలుగు గోపాలకృష్ణ గారి అబ్బాయి కిరీటి వచ్చాడు. బాపట్ల బీచి రోడ్డులో హోటలు పెడుతున్నాడు. వస్తూ వస్తూ కారులో ఒక కెటిల్ గ్రిల్లు తెచ్చాడు. మూడు కాళ్ళ మీద నిలబడ్డ గుండ్రటి ఇనుప బాన, దాని మీద బోర్లించిన ఇంకో బానలా మూత, రెంటికీ నల్లటి పింగాణీ పూత. అడుగున బొగ్గులు, పైన చువ్వల జల్లెడ.

"బాబాయ్, ఆదివారం మధ్యాహ్నం హోటలు మొదలు. మేకతొడ ముక్కలు కొట్టకుండా మొత్తంగా ఇందులో మగ్గాలి. మీ చెయ్యే పడాలి," అన్నాడు. "థర్మామీటరు కూడా ఇచ్చారండి. రెండు సూదులు. ఒకటి మాంసంలో గుచ్చాలంట, ఒకటి లోపల వేడికి. మీకెందుకులెండి, మీ ముక్కే థర్మామీటరు కదా!"

నాగూర్ బాషా గుండెల్లో రాయి పడింది. ఇందులో ఇగిరే నీళ్ళుండవు, వినడానికి చప్పుడుండదు. "ఉండనీ బాబూ, తెచ్చినవాటిని పారేస్తామా ఏంటి?" అంటూ అంకెలు చూపే ఆ థర్మామీటరు డబ్బా కిరీటి చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు.

ఆ సాయంత్రమే పెరట్లో గ్రిల్లు రాజేసి చూశాడు. సూదుల వైర్లని మూత అంచు కిందనుంచి బయటికి తెచ్చి డబ్బాకి తగిలించాడు. మూత సరిగ్గా కూర్చోలేదు, సందులోంచి పొగ బుసబుసా పోయింది. గట్టిగా అదిమాడు. వైరు నలిగి, డబ్బాలో అంకె ఒక్కసారి ఎగిరి, అంతలోనే దిగి, పిచ్చి గంతులు వేసింది. అతని పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంక తనకున్న ముక్కు ఆ అంకె ఒక్కటే. అదీ అబద్ధం చెబితే ఇంకేముంది?

తెల్లారగానే గ్రిల్లుని ఆటోలో వేసుకుని జ్ఞానానందం వెల్డింగు షాపుకి వెళ్ళాడు.

"మూతకి చిల్లు పెడదామా?" అన్నాడు.

"మూతకొద్దు భాయ్. తీసినప్పుడల్లా వైరు లాగుతుంది. బాన పక్కన, జల్లెడకి కాస్త పైన పెడదాం," అన్నాడు జ్ఞానానందం.

"పూత పెచ్చులూడుతుందేమో! పరాయివాళ్ళ సొమ్ము."

"టేపు అంటించి, సన్న బిట్టుతో మొదలెడతాను. ముందు నువ్వు ఊపిరి పీల్చు. పురిటి గది బయట నిలబడ్డ మొగుడిలా ఆ మొహమేంటి!"

డ్రిల్లు కీచుమన్నప్పుడల్లా నాగూర్ బాషా కళ్ళు మూసుకున్నాడు. పూత ఊడలేదు. చిల్లు అంచు వైరుని కొయ్యకుండా జ్ఞానానందం దాన్ని ఆకురాయితో నున్నగా రాశాడు. వంకర సూదులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి దూరాయి. మిగిలిన సందుకి నాగూర్ బాషా గోధుమపిండి ముద్ద మెత్తాడు. మూత చక్కగా కూర్చుంది, అంకె నిలకడగా నిలబడింది. "అల్‌హందులిల్లా" అన్నాడు, ఏడుపొక్కటే తక్కువ.

"ఒక్క మాట," అన్నాడు జ్ఞానానందం. "లోపలి వైరుకి ఇనుప అల్లిక ఉంది, దానికేం కాదు. బయటిదానికి ప్లాస్టిక్ తొడుగు. నిప్పు తగలనీకు."

ఆదివారం బాపట్లలో అన్నీ సవ్యంగానే మొదలయ్యాయి. తొడకి మసాలా పట్టించింది జైనబ్. సూది గుచ్చింది నాగూర్ బాషా. అంకె యాభై దాటింది, అరవై దాటింది. తొంభైకి చేరితే ఎముక వదులుతుందని కిరీటి ముందే చెప్పాడు. డెబ్బై దగ్గర అంకె ఆగిపోయింది. ఎంతసేపు చూసినా ఉలుకూ పలుకూ లేదు. పెద్ద మాంసం అక్కడ కాసేపు నిలవడం మామూలే, ఆ సంగతి ఇతనికేం తెలుసు? బయట కార్లు వచ్చి ఆగుతున్నాయి. "ఇంకెంతసేపు బాబాయ్?" అని కిరీటి వచ్చి వచ్చి అడుగుతున్నాడు. వైరు పాడైందా? బొగ్గు చల్లారిందా? ఒకవేళ లోపల మాడిపోతోందా? నాగూర్ బాషా కాళ్ళూ చేతులూ ఆడలేదు.

కాళ్ళూ చేతులూ ఆడనప్పుడు మనిషి పాత అలవాటునే పట్టుకుంటాడు. దమ్ము కదలకపోతే మూత మీద నిప్పు పెంచాలి. ముప్ఫై ఏళ్ళ అలవాటు! పక్క పొయ్యిలోంచి రేకు పారతో నిప్పులు తీసి గ్రిల్లు మూత మీద పోశాడు. డేక్సా మూత బల్లపరుపుగా ఉంటుంది, ఇదేమో గుమ్మటం. పోసిన నిప్పులు పోసినట్టే జారి కిందపడ్డాయి. గబగబా పట్టకారుతో ఏరి, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసి, మళ్ళీ డబ్బా మీదికి వంగాడు. ఒక నిప్పు కాలి పక్కన వైరు మీదే ఉండిపోయింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"ఏంటీ కంపు?" గుమ్మంలోంచి కిరీటి ముక్కు మూసుకున్నాడు.

దూరంగా ఉల్లిపాయలు కోస్తున్న జైనబ్ తలెత్తింది. "ఏవండీ! వైరు! వైరు కాలుతోంది!"

"ఎక్కడ?" అన్నాడు నాగూర్ బాషా. అది అతని మోకాలి పక్కనే కాలుతోంది. గ్రిల్లు పొగలో ఆ పొగ కలిసిపోయింది. అతను చూసేలోగా డబ్బాలో అంకె పోయి గీతలు మిగిలాయి.

కిరీటి వైరు మీద నీళ్ళు కుమ్మరించాడు. "ఇంత కంపు గుమ్మం దాకా వచ్చింది బాబాయ్. పక్కనే ఉన్నారు, మీకు రాలేదా?"

జలుబు చేసిందని అనొచ్చు. ఆ అబద్ధం నాలుక చివరే ఉంది. కానీ జైనబ్ కత్తిపీట దగ్గర నుంచి లేచి అతన్నే చూస్తోంది. రేపల్లె పెళ్ళి ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చిందని ఆ చూపులోనే తెలిసిపోయింది.

"రాదు బాబూ," అన్నాడు. "కరోనా అప్పుడు పోయింది. మళ్ళీ రాలేదు."

కిరీటి మొహం పాలిపోయింది. "మరి లోపలున్న తొడ సంగతేంటి? జనం కూర్చున్నారు!"

జైనబ్ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని గ్రిల్లు పక్కన వేసుకుంది. మూత మీద పొగ పోయే చిల్లు దగ్గరికి మొహం వంచింది. "పచ్చి కొవ్వు వాసన ఉందింకా," అంది.

"అయితే కదపొద్దు. లవంగం వస్తోందా?"

"లేదు... ఆఁ, ఇప్పుడొచ్చింది."

"ఉల్లిపాయ తీపి వాసన వస్తే చెప్పు. అది మాడుకి ముందొస్తుంది."

ఇద్దరూ అలా కూర్చున్నారు. ఆమె పీలుస్తోంది, అతను అడుగుతున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా ఆమె మొహం తిప్పుకోలేదు. చివరికి, "ఇక తియ్యండి" అంది.

తీశాడు. ఎముక చేత్తో పట్టుకుంటే మాంసం దానంతట అదే వదిలింది. పళ్ళేలు ఖాళీ అయి తిరిగొచ్చాక కిరీటి వాళ్ళ దగ్గరికొచ్చాడు. "వచ్చే ఆదివారానికి కొత్త వైరు తెప్పిస్తాను బాబాయ్. పిన్నిని కూడా తీసుకురండి," అన్నాడు.

తెనాలి వెళ్ళే రైల్లో జైనబ్ చాలాసేపు కిటికీలోంచి బయటికే చూసింది. తిడుతుందేమోనని నాగూర్ బాషా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

"రంజానుకి మా రెహమాన్ గులాబీ అత్తరు తెచ్చాడు, గుర్తుందా?" అంది.

"బాగుందన్నానుగా."

"అనలేదు. పూసుకుని మీ పక్కనే కూర్చున్నాను. బక్రీదుకీ పూసుకున్నాను. మీరు ఒక్క మాటా అనలేదు. ముసలిదాన్నైపోయాను, ఇంక నన్నేం పట్టించుకుంటారులే అనుకున్నాను. సీసా పక్కింటి ముబీనాకి ఇచ్చేశాను."

నాగూర్ బాషా ఆమె పక్కకి జరిగాడు.

"ఇప్పుడేం వాసనొస్తున్నావు?" అన్నాడు.

"ఏముంది, పొగా, ఉల్లిపాయలూ. ఇదిగో చూడండి," అంటూ అలవాటు చొప్పున కొంగు అతని ముక్కు దగ్గర పెట్టింది. వెంటనే గుర్తొచ్చి నాలుక కరుచుకుని వెనక్కి తీసుకోబోయింది. అతను వదల్లేదు. తెనాలి వచ్చేదాకా ఆ కొంగు అలాగే మొహానికి ఆనించుకుని కూర్చున్నాడు.