తేనెరంగు ఎలుగు కూన

నన్ను చూసి ఆయా అనుకుంటే నాకు కోపం రాదు. మా గోదావరి జిల్లాల ఆడవాళ్ళు దుబాయ్‌లో ఎంతమంది ఇళ్ళల్లో పని చేస్తున్నారో నాకు తెలుసు. మా పిన్నీ అలా వచ్చినావిడే, నన్ను ఇక్కడికి రప్పించింది కూడా ఆవిడే. నాకు ఒళ్ళు మండేది ఆ తర్వాతి ప్రశ్నకి. "ఈ పాప వాళ్ళమ్మ ఎక్కడ?" నేను నలుపు. నా కూతురిది వాళ్ళ నాన్నమ్మ పసిమి ఛాయ. లిఫ్టులో అడుగుతారు, పార్కులో అడుగుతారు, మందుల షాపులోనూ అడుగుతారు. నేనే వాళ్ళమ్మనంటే ఒకసారి దాన్నీ ఒకసారి నన్నూ చూసి, "ఓ" అంటారు. ఆ "ఓ" విన్నప్పుడల్లా లాగి ఒకటి ఇద్దామనిపిస్తుంది.

అల్ కుసైస్‌లో బోర్డులూ ఫ్లెక్సీలూ ప్రింట్ చేసే షాపులో నేను డిజైనర్ని. కరోనా సద్దుమణిగి మాల్స్ మళ్ళీ కళకళలాడుతున్న రోజుల్లో, ఒక మాల్‌లోని పిల్లల ఆటస్థలానికి గోడ నిండా అడవి జంతువుల బొమ్మలు వేసే ఆర్డరొచ్చింది. కస్టమర్ పంపిన ఫొటోల్లో అమెరికా అడవుల్లో తిరిగే నల్ల ఎలుగుబంటి ఒకటుంది. తల్లి బొగ్గులా నల్లగా ఉంది. దాని పొట్టకి ఆనుకుని కూర్చున్న కూన మాత్రం తేనె రంగు.

ఆ ఫొటో ఫోన్‌లో ఇంటికి తెచ్చి నా కూతురికి చూపించాను. అప్పుడది ఒకటో క్లాసు. రెండు వేళ్ళతో బొమ్మని పెద్దది చేసి చూసి, "ఇది నువ్వు, ఇది నేను" అంది. ఇంకేమీ అడగలేదు. గోడ మీద అంటించగానే తీసుకెళ్ళి చూపిస్తానని మాటిచ్చాను.

మా ముదీర్, అంటే మేనేజరు, నెల్లూరాయన. మర్నాడు నా టేబుల్ దగ్గరికొచ్చారు.

"డిజైన్ చూసి కస్టమర్ ఫోన్ చేసినాడమ్మా. పేరేమో నల్ల ఎలుగుబంటి, కూనేమో ఎర్రగా ఉండాది, పిల్లకాయలు కన్ఫ్యూజ్ అవతారంట. దాన్ని కూడా నల్లగా చేసెయ్, ఖలాస్."

"నల్ల ఎలుగుబంటన్నది జాతి పేరండి. అన్నీ నల్లగానే ఉండాలని లేదు. గోధుమరంగువి ఉంటాయి, దాల్చినచెక్క రంగువి ఉంటాయి, తెల్లటివి కూడా ఉంటాయి. ఒకే కాన్పులో రెండు రంగుల పిల్లలు పుడతాయండి." ఫొటో వచ్చిన దగ్గర్నుంచీ అదే చదువుతున్నాను మరి.

"నిజమేలేమ్మా. ఆడ నిలబడి అందరికీ నువ్వు చెప్తావా ఏంది?"

బొమ్మ కింద ఒక వాక్యం రాద్దామన్నాను. చోటు లేదన్నారు. కస్టమర్‌తో నేనే మాట్లాడతానన్నాను. స్పీకర్‌లో నా మాటంతా విని అతను హిందీలో, "మేడమ్, ఎవరి పిల్లనో ఎత్తుకొచ్చినట్టుంది" అని నవ్వాడు. ముదీరూ నవ్వారు. ఒక ఎలుగుబంటి కోసం నేనెందుకంత గింజుకుంటున్నానో ఆ గదిలో ఎవరికీ పట్టలేదు. చెప్పుకుని చిన్నబోవడం ఇష్టం లేక, సరే మారుస్తానన్నాను.

మౌస్ పట్టుకుని కూనని నల్లగా చేస్తూ కూర్చున్నాను. ఎండ పడి మెరిసే బొచ్చుకి నలుపు అంత తేలిగ్గా పట్టదు, బూడిద పూసినట్టు తయారవుతుంది. చెరపడం, మళ్ళీ వెయ్యడం, పళ్ళు నూరుకోవడం. మధ్యలో ముదీర్ వచ్చి "యల్లా, యల్లా" అని తొందరపెట్టడం. చివరికి అది ఎంత బాగా కుదిరిందంటే, నా పనితనం మీద నాకే అసహ్యమేసింది.

నా కూతురు మర్చిపోతుందనుకున్నాను. రోజూ అడిగింది. తీసుకెళ్ళక తప్పలేదు.

కౌంటర్ దగ్గర అమ్మాయి ఏమీ అడక్కుండానే నా చేతికి ఆయాల పసుపు పట్టీ వేసేసింది. తల్లులకి ఎర్ర పట్టీ వేస్తారక్కడ. "నేను వాళ్ళమ్మని" అన్నాను. "ఓ" అంది. పట్టీ కత్తిరించడానికి కత్తెర కోసం లోపలికి వెళ్ళింది. ఈలోపు నా కూతురు గోడ వైపు పరిగెత్తింది. పసుపు పట్టీతోనే దాని వెనకాల వెళ్ళాను.

ఎలుగుబంటి ముందు నిలబడి, కూన మీద వేలు పెట్టింది.

"అమ్మా, ఇది నేను కాదుగా. నన్నెవరు తీసేశారు?"

"నేనేనమ్మా. రంగు మార్చమన్నారు."

"ఎందుకు?"

"అమ్మదో రంగు, పాపదో రంగు ఉంటే పిల్లలకి అర్థం కాదన్నారు."

అది నా మొహంలోకి చూసింది.

"నాకు అర్థమైందిగా!"