హమ్ పోతే ఇచ్చేస్తా

మా బాబాయి రేడియోలు బాగుచేస్తాడు. మెట్ల కింద గది ఆయన షాపు. దానికి కిటికీ లేదు. తలుపు తీస్తే మెట్లెక్కేవాళ్ళ కాళ్ళు కనిపిస్తాయి, అంతే. పట్టపగలు కూడా బల్ల మీద ట్యూబ్‌లైటు వెలగాల్సిందే. పొద్దున తాళం తీయగానే ముందు ఆ స్విచ్ వేసి, తర్వాత చెప్పులు విప్పేవాడు.

ఆయనకి ఒక పంతం ఉండేది. ఏ సెట్టూ పిసరంత గురగురతో కూడా షాపు గడప దాటకూడదు.

"జ్వరం తగ్గకుండా ఇంటికి పంపిస్తే నేనేం డాక్టర్ని?" అనేవాడు.

"నువ్వు తగ్గించేలోపు రోగికి మనవలు పుడతారు" అనేది పిన్ని.

పెదనాన్న, అంటే బాబాయి వాళ్ళ అన్నయ్య, బస్సు డిపోలో గుమాస్తా. వయసులో ఉన్నప్పుడు ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించాడు. పెళ్ళయ్యాక ఆంప్లిఫయర్ ఎవరికో ఇచ్చేసి గిటార్ ఒక్కటీ ఉంచుకున్నాడు. ఆంప్లిఫయర్ లేని ఆ గిటార్‌ని ఎంత గట్టిగా మీటినా దోమ పాటంతే వినిపిస్తుంది. ఇరవై ఏళ్ళు ఆయన ఆ దోమ పాటే వాయించుకున్నాడు. కిందటేడు చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైంది. నరాల జబ్బన్నారు. మందు లేదని, వేళ్ళు ఒక్కొక్కటే పట్టు వదిలేస్తాయని, ఏడాది కన్నా తక్కువే టైముందని చెప్పారు.

ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళి, గిటార్ తీసుకుని తిన్నగా షాపుకి వచ్చాడు.

"ఒరేయ్, నాకు వాల్వులతో ఒక ఆంప్లిఫయర్ కట్టిపెట్టు. ఈ వేళ్ళు ఉండగా ఒక్కసారి గట్టిగా వాయించుకుంటా."

"నెల రోజుల్లో ఇస్తా అన్నయ్యా. గిటార్ ఇక్కడుంచు, తగిలించి చూడాలి."

అన్నమాట ప్రకారం నెలలో కట్టాడు. పాత రేడియోల గాజు వాల్వులు, మూలపడ్డ రికార్డు ప్లేయర్ ట్రాన్స్‌ఫార్మర్, తనే వంచుకున్న అల్యూమినియం రేకు. లోపల మూడొందల వోల్టులు ఉంటాయి కాబట్టి ఎప్పుడూ ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని కుడి చేత్తోనే పనిచేసేవాడు. రెండు చేతులూ పెడితే కరెంటు గుండెలోంచి దారి వెతుక్కుంటుందట. ఎం.ఎ. పుస్తకాలు పట్టుకుని నేను ఆ గదిలోనే కూర్చునేదాన్ని. ఇంట్లో చదువు సాగదు.

మొదటిసారి స్విచ్ వేసినప్పుడు వాల్వులు నెమ్మదిగా ఎర్రబడ్డాయి. స్పీకర్ నిశ్శబ్దంగా ఉంది. బాబాయి నవ్వాడు. నా ఒళ్ళో ఉన్న గిటార్ వైరు ఆంప్లిఫయర్‌కి తగిలించాడు. జుమ్మ్... మని తుమ్మెద గుంపు లేచినట్టు రొద.

"దీన్నే హమ్ అంటారు" అన్నాడు మొహం చిన్నబుచ్చుకుని.

అక్కణ్ణుంచి మొదలైంది వేట. కెపాసిటర్లు మార్చాడు. వాల్వుల తీగలు జడలా మెలిపెట్టాడు. ఎర్తు తీగలన్నీ విప్పి ఒకే బోల్టుకి బిగించాడు. పెన్సిల్ వెనక్కి తిప్పి ఒక్కో వాల్వునీ తట్టి చూశాడు. గిటార్ తీసేస్తే రొద పోయేది, తగిలిస్తే వచ్చేది. ఒకరోజు నా కాళ్ళు తిమ్మిరెక్కి, గిటార్‌ని గోడ వైపు తిప్పుకుని కూర్చుంటే రొద సగానికి తగ్గింది.

"బాబాయ్, ఇలా తిప్పితే తగ్గుతోంది."

"కదపకమ్మా. అన్నయ్య గిటార్‌కి ఏ రోగమూ లేదు. తప్పంటూ ఉంటే నా పనిలోనే ఉంటుంది."

చిన్నప్పటి నుంచీ ఆయన అంతే. ఏం పగిలినా అన్నయ్య వంక చూడకుండా ముందు తన చేతులే చూసుకునేవాడట. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పెదనాన్న రెండో నెలలో వచ్చాడు. "హమ్ ఉంటే ఉండనీరా. నా బతుకులో లేని రొదా?"

"రెండు రోజులన్నయ్యా. హమ్ పోతే ఇచ్చేస్తా."

నాలుగో నెలలో వచ్చినప్పుడు గోడకి వేలాడుతున్న గిటార్‌ని చూశాడు. చిటికెనవేలు అప్పటికే లోపలికి వంగిపోయింది.

"పోనీ దాన్నయినా ఇవ్వు. దోమ పాటే పాడుకుంటా."

"అది లేకుండా పరీక్ష ఎలా చేయను? రెండు రోజులు, ఒట్టు."

ఆరో నెలలో పెద్దమ్మ ఒక్కతే వచ్చింది. లోపలికి రాలేదు. "ఏమయ్యా, నీ రెండు రోజులూ ఇంకా అవలేదా? ఆయన నిన్నటి నుంచి చెంచా కూడా పట్టుకోలేకపోతున్నారు" అని గుమ్మంలోంచే చెప్పి వెళ్ళిపోయింది.

బాబాయి అప్పటికప్పుడు ఆటో పిలిచాడు. గిటార్ పట్టుకుని నేనూ ఎక్కాను. ఆంప్లిఫయర్‌ని ఒళ్ళో పెట్టుకుని దారంతా "హమ్‌తోనే ఇస్తున్నా, హమ్‌తోనే" అని గొణుక్కున్నాడు.

పెదనాన్న కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. గిటార్ ఆయన ఒళ్ళో పెట్టి, వైరు తగిలించి, స్విచ్ వేశాడు బాబాయి. వాల్వులు ఎర్రబడ్డాయి. చప్పుడు లేదు. చచ్చిందనుకుని కంగారుగా వంగి గిటార్ తీగ ఒకటి మీటాడు. గదంతా ఖంగున మోగింది. మోగి, ఆగిపోయింది. వెనక ఏ రొదా లేదు.

బాబాయి మెల్లగా తలెత్తి పైకప్పు చూశాడు. అక్కడున్నది మామూలు గుండ్రటి బల్బు, అదీ వెలగడం లేదు. ఆ గదిలో ట్యూబ్‌లైటే లేదు. ముప్ఫై ఏళ్ళుగా నెత్తి మీద వెలుగుతున్న ఆ లైటు ఏ రేడియోనీ ఏమీ అనలేదు. గిటార్ లోపలి తీగచుట్ట మాత్రం దాని రొదంతా పీల్చుకుంటూ వచ్చింది. ఆంప్లిఫయర్‌లో మొదటి నెల నుంచీ ఏ లోపమూ లేదు.

"షాపులో లైటన్నయ్యా..." అన్నాడు.

పెదనాన్న బొటనవేలిని తీగల మీదుగా కిందికి జార్చాడు. ఏ స్వరమూ కాని మోత వచ్చింది.

"నువ్వు నొక్కరా, నేను మీటుతా. రెండో మెట్టు, మూడో తీగ. అది కాదు, దాని కిందది. ఎద్దులా నొక్కకు."

కాలిన మచ్చల వేళ్ళతో బాబాయి మూడుసార్లు తప్పు నొక్కాడు. నాలుగోసారి కుదిరింది. వంటింట్లో పెద్దమ్మ గిన్నెల చప్పుడు ఆగింది. ఆ మోత పూర్తిగా అణిగేదాకా పెదనాన్న కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"బావుందిరా. చాలా బావుంది." వంగిపోయిన వేళ్ళ వంక చూసుకుని అన్నాడు, "కాస్త ముందు తేవలసింది."

ఇప్పుడు షాపులో గుండ్రటి బల్బు వెలుగుతోంది. మొన్న ఎవరో రేడియో కోసం వస్తే బాబాయి వెంటనే తీసి చేతికిచ్చాడు.

"కొంచెం గురగుర ఉందండీ. పట్టుకెళ్ళి వినండి. తర్వాత చూద్దాం."