మనిషి ఖర్చు, యంత్రం పెట్టుబడి

మనిషి ఖర్చు, యంత్రం పెట్టుబడి. ఈ సూత్రం మా సంస్థ డైరెక్టరుగారిది. నావైపు చూస్తూ సెలవిచ్చారు.

అప్పట్లో నేను సరిహద్దు అవతల సుక్మా జిల్లా కుంటలో ఆ సంస్థ ఆఫీసులో ఫోనెత్తే మనిషిని. పుట్టి పెరిగింది బచేలిలో. నాన్న అక్కడి ఇనప గనిలో పనికని శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే ఉండిపోయాడు. క్వార్టర్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ నేర్చుకున్న నాకు కుంట వచ్చాక అక్కడి ఆదివాసుల దోర్లి పట్టుబడటం కష్టం కాలేదు. సంస్థకు ఒక జీపుంది. నొప్పులొచ్చిన ఆడవాళ్లను పల్లెల నుంచి ఆస్పత్రికి చేర్చడం దాని పని. ఫోనెత్తి, ఏ ఊరో, ఎవరి ఇల్లో తెలుసుకుని డ్రైవరును పంపడం నా పని.

అక్కడి ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. బావగారి పేరూ పలకరు. పిల్లలుంటే ఫలానావాడి అయ్య అంటారు, తొలికాన్పు మనిషికి ఆ ఆసరా కూడా లేదు. ఫోనులో ఊరు చెప్పి ఆగిపోయేవాళ్లు. ఆ ఊళ్లో నాకు తెలిసిన పేర్లు నేనే ఒక్కొక్కటిగా అంటుంటే, అసలు పేరు రాగానే అవతల నుంచి 'ఊఁ' అని వినబడేది. జీపు బయల్దేరేది. నాకిదేం వింత కాదు. మా అమ్మ ఈనాటికీ బ్యాంకులో నాన్న పేరు రాసి చూపిస్తుందే తప్ప నోటితో అనదు.

ఒక ఏడు దాతలు టెక్నాలజీ కోసమని డబ్బిచ్చారు. ఏది ముందు కొనాలో తేల్చడానికి ఢిల్లీ నుంచి ఒక సలహాదారు దిగాడు. గోడకు పెద్ద కాగితం అంటించి, గడులు గీసి, మాకు రంగు చీటీలు పంచాడు. తక్కువ శ్రమ, ఎక్కువ ఫలితం అన్న మొదటి గడిలో పడినవి ముందు కొంటారట. ఫోన్లు చార్జి చేసుకోవడానికి పల్లెల్లో సోలార్ పలకలు కావాలని నేనొక చీటీ రాశాను. రాత్రిపూట ఫోనెత్తడానికి ఇంకో మనిషి కావాలని మరో చీటీ. మొదటిది ఎక్కువ శ్రమ అని మూల గడికి పోయింది. రెండోది సలహాదారు ఊడదీసి, ఇది టెక్నాలజీ కాదు మేడమ్ అని నా చేతిలో పెట్టాడు. దాతలు జీతాలకు ఇవ్వరు, సామాన్లకే ఇస్తారు. డైరెక్టరుగారి సూత్రం అప్పుడే పుట్టింది.

అలా మొదటి గడిలో గెలిచింది ఫోను దానంతటదే ఎత్తే యంత్రం. పేరు, మొగుడి పేరు, ఊరు వరసగా అడుగుతుంది. చెబితే జీపుకు కబురు పంపుతుంది, చెప్పకపోతే నమస్కారం పెట్టి ఫోను పెట్టేస్తుంది. మొగుడి పేరు ఎందుకయ్యా అంటే, దాతల రిపోర్టులో ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టకుండా ఉండటానికట. వాళ్లు ఆ పేరు పలకరు సార్ అని నేను మీటింగులోనే అన్నాను. అలవాట్లు మార్చడం కూడా మన లక్ష్యమే కదా అని సలహాదారు నవ్వాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఫోను దగ్గర కూర్చున్నదాన్ని నేను, నాకు ఫోను గురించి చెప్పినవాడు అతను.

ఇక దోర్లిలో మాట్లాడే గొంతు కావాలన్నారు. నాది తీసుకున్నారు. మనిషి ఖర్చు గానీ, మనిషి గొంతు పెట్టుబడేనట. నన్ను పక్క గదిలో రిపోర్టుల పనికి మార్చారు. ఫోను మోగడం గోడ అవతల నుంచి వినబడేది. ఎత్తే అధికారం నాకు లేదు.

ఇప్పపువ్వు రాలే రోజులు. మరైగూడ అవతల ఒక పల్లెలో మగాళ్లు మిర్చి ఏరే కూలికి తెలంగాణ పోయారు, ఆడవాళ్లు తెల్లారకముందే పువ్వు ఏరడానికి అడవికి పోయారు. ఒకింట్లో పెద్దకోడలికి తొలికాన్పు నొప్పులు మొదలయ్యాయి. తోడుగా ఉన్నది చిన్నకోడలు ఒక్కతే. కిందటేడు ఆమె తన కాన్పుకు ఫోను చేస్తే జీపు పంపింది నేనే. ఆమె మాకు ఫోను చేసింది. యంత్రం పేరడిగితే తోడికోడలి పేరు చెప్పింది. మొగుడి పేరు అడిగింది. అది ఈమెకు బావగారి పేరు. ఆగిపోయింది. యంత్రం నమస్కారం పెట్టింది. మళ్లీ చేసింది, మళ్లీ అదే. అడవి నుంచి ఎవరో ముసలామె వచ్చి ఆ పేరు పలికాకే జీపు కదిలింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఆఫీసులో ఆ కాల్ రికార్డు వినిపించారు. నా గొంతు మర్యాదగా అడుగుతోంది. అవతల ఊపిరి, వెనక మూలుగు, మళ్లీ నా గొంతు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. మావాళ్లు ఆకులు కూడా పట్టుకోలేదు, కాలిన చేతులకు శిక్షణ ఇద్దామన్నారు. మొగుడి పేరు ధైర్యంగా చెప్పడంపై మహిళలకు అవగాహన అని ఒక కొత్త చీటీ రాసి మొదటి గడిలో అంటించారు. అందరూ తలూపారు.

నేను ఆ పల్లెకు పోయాను. పెద్దకోడలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చిన్నకోడలు మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది.

"పేరడిగినవ్ గద అక్కా. ఎప్పటి లెక్క నువ్వే పేర్లు జెప్తవని జూసిన. ఎందుకు పెట్టేసినవ్?"

అది నేను కాదని, యంత్రమని, నన్ను అక్కడి నుంచి తీసేశారని ఆమెకు చెప్పాను. ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలుగా చెప్పాను. ఆమె అంతా విని నా మొహంలోకి చూసింది.

"నీ గొంతు నాకు తెల్వదా అక్కా?" అంది.